అడగని మొసలికీ దక్కిన అనుగ్రహం

పోతన గజేంద్రమోక్షం తెలియని తెలుగువాళ్ళు అరుదు. ఏనుగు మొర, విష్ణువు పరుగు, చక్రం, మొసలి తల తెగడం వరకూ అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాత జరిగింది మాత్రం చాలామందికి గుర్తుండదు. భాగవతం ఎనిమిదో స్కంధం ప్రకారం ఆ మొసలి హూహూ అనే గంధర్వుడు. దేవలుడి శాపంతో మడుగులో పడి ఉన్నాడు. చక్రం తగలగానే శాపం తీరి, స్వామికి మొక్కి, తన లోకానికి వెళ్ళిపోయాడు. ఏనుగు వెయ్యేళ్ళు పెనుగులాడింది. బలం ఉడిగాక, ఇంద్రద్యుమ్నుడనే రాజుగా పూర్వజన్మలో నేర్చిన స్తోత్రంతో ప్రార్థించింది. పోతన చేతిలో ఆ ప్రార్థన దేవుడసలు ఉన్నాడా అనే సందేహం దాకా వెళ్ళి మళ్ళీ శరణాగతిలోకి వచ్చింది. మొసలి ఇవేవీ చేయలేదు. పట్టిన కాలు కూడా వదల్లేదు. అయినా దానికీ విముక్తి దొరికింది.

భగవదనుగ్రహం గురించి సంస్కృత వాఙ్మయంలో, భక్తి సంప్రదాయాల్లో నడిచిన చర్చ అంతా ఆ ఏనుగుకూ ఈ మొసలికీ మధ్యనే ఉంది. అనుగ్రహం మన ప్రయత్నానికి ఫలమా? అలాగైతే అది మనకు రావలసిన కూలి అవుతుంది గానీ దయ ఎలా అవుతుంది? ప్రయత్నంతో నిమిత్తం లేనిదా? అలాగైతే ఒకరికి ఇచ్చి మరొకరికి ఇవ్వని దేవుడు పక్షపాతి కాడా? మన ఆచార్యులెవరూ ఈ రెండు ప్రశ్నల నుంచి తప్పించుకోలేదు. ఎవరు ఏ జవాబు చెప్పారు, ఆ జవాబుకు ఏ మూల్యం చెల్లించారు అన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

వేదంలో అంతా యజ్ఞం చేసి వరం పుచ్చుకునే వ్యవహారమే అనే మాట తరచు వినిపిస్తుంది. ఋగ్వేదం ఏడో మండలంలో వసిష్ఠుడు వరుణుడితో మాట్లాడే సూక్తం చదివితే ఆ మాట నిలవదు. తన తప్పేమిటో తెలియక ఆయన కుమిలిపోతాడు, తెలిసినవాళ్ళను అడుగుతాడు, తండ్రులు చేసిన పాపాల నుంచీ తాను చేసినవాటి నుంచీ విడిపించమని వేడుకుంటాడు. బదులుగా ఇవ్వగలిగిందేదో చూపించి అడిగిన క్షమ కాదది. పదో మండలంలో వాగ్దేవి ఇంకా సూటిగా, తాను ఇష్టపడినవారినే ఋషులుగా, మేధావులుగా చేస్తానంటుంది.

ఉపనిషత్తుల్లో ఈ ఎంపిక ప్రశ్న స్పష్టమైన రూపం దాల్చింది. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెబుతాడు: ఆత్మ పాండిత్యానికీ మేధస్సుకూ లొంగేది కాదు, వరణం జరిగినచోటే లభిస్తుందని. ముండకంలోనూ ఇదే మంత్రం ఉంది. ఎవరు ఎవరిని వరించారన్నదే తగాదా. సాధకుడు ఆత్మను వరిస్తాడనీ, ఆ వరణమే దాన్ని పొందే దారి అనీ శంకరులు అన్వయించారు. పరమాత్మే వరిస్తాడు, తనను అత్యంత ప్రియంగా తలచేవాణ్ణే వరిస్తాడు అని రామానుజులు శ్రీభాష్యం ఆరంభంలోనే తీర్మానించారు. మంత్రపు పోకడకు రెండోదే దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది, ఎందుకంటే మానవ సామర్థ్యాలన్నిటినీ వరుసగా తోసిపుచ్చిన మంత్రం చివరికి మరో మానవ సామర్థ్యం దగ్గర ఆగడం పొసగదు. శ్వేతాశ్వతరం మాత్రం తగాదాకు దిగకుండా, ఆ ఋషి తన తపశ్శక్తి చేతా దేవుడి ప్రసాదం చేతా బ్రహ్మాన్ని తెలుసుకున్నాడని రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంది.

పక్షపాతం ఆరోపణను బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయం మొదటి పాదంలో నేరుగా ఎత్తుకున్నాయి. లోకంలో ఒకరు సుఖంగా, ఒకరు దుఃఖంగా ఉంటే సృష్టించినవాడికి అసమానత, నిర్దయ అనే రెండు దోషాలు అంటవా? ఈశ్వరుడు జీవుల కర్మను బట్టి సృష్టిస్తాడు కాబట్టి అంటవని సమాధానం. దాన్ని వివరించడానికి శంకరులు వానను చూపించారు. వాన అన్ని పైర్లకూ ఒకటే, వరి వరిగా, యవలు యవలుగా పండడం విత్తనంలోని తేడా. ఈ సమాధానం దేవుణ్ణి నిందనుంచి కాపాడుతుంది, కానీ అనుగ్రహానికి చోటు మిగల్చదు. కర్మ ప్రకారమే అంతా జరిగితే అక్కడ ఉన్నది న్యాయమే, దయ కాదు. ఈ ఇబ్బంది శంకరులకు తెలియకపోలేదు. అదే అధ్యాయం మూడో పాదంలో, జీవుడి కర్తృత్వం కూడా ఈశ్వరాధీనమేననీ, ఆయన అనుగ్రహం వల్ల కలిగే జ్ఞానం చేతనే మోక్షమనీ రాశారు. ఆయన పేరిట ప్రసిద్ధమైన వివేకచూడామణి కూడా మనిషి జన్మ, మోక్షం కావాలనే తపన, మహాపురుషుల అండ అనే మూడూ దైవానుగ్రహం వల్లనే దొరికేవని చెబుతుంది. అద్వైతంలో అనుగ్రహానికి పని లేదని అనుకునేవాళ్ళు ఈ చోట్లు మరోసారి చూడాలి.

గీత ఈ రెండు కొసలనూ ఒకే గ్రంథంలో ఉంచింది. తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు తనకు ద్వేషించదగినవాడూ లేడు, ప్రియుడూ లేడంటాడు. పదో అధ్యాయంలో భక్తుల మీద జాలితో వాళ్ళ లోపలి చీకటిని తానే పోగొడతానంటాడు. చివరికి అర్జునుడు తన మోహం పోయింది కృష్ణుడి ప్రసాదం వల్లేనని ఒప్పుకుంటాడు, ఒప్పుకున్న వెంటనే చెప్పినట్టు చేస్తానంటాడు. అనుగ్రహం పొందినవాడికి పని తప్పలేదు.

ఈ చర్చ అత్యంత లోతుగా, అత్యంత పట్టుదలగా సాగింది శ్రీవైష్ణవంలో. శ్రీభాష్యంలో రామానుజులు చెప్పిన భక్తియోగానికి వేదాధ్యయనం కావాలి, అంటే మూడు వర్ణాలకే అధికారం. అదే రామానుజుల పేరిట ఉన్న శరణాగతి గద్యం శ్రీరంగనాథుడి పాదాలను ఏ అర్హతా చూపకుండా పట్టుకుంటుంది. ప్రపత్తికి, అంటే ఈ శరణాగతికి, కులం, లింగం, చదువు అడ్డం కావని ఆ తర్వాతి ఆచార్యులందరూ ఒప్పుకున్నారు. తేడా వచ్చింది ఆ ప్రపత్తి ఏమిటన్న దగ్గర. వేదాంత దేశికులు, పిళ్ళై లోకాచార్యులు ఇద్దరూ పదమూడు, పద్నాలుగు శతాబ్దాలవారు. వాళ్ళ వెనుక వరుసగా వడగలై, తెంగలై అనే రెండు శాఖలు నిలబడ్డాయి. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది, పిల్లికూనను తల్లే నోట కరుచుకుంటుంది అనే పోలికతో ఈ తేడాను చెప్పడం అలవాటైపోయింది. 1930లో హిందూ అనుగ్రహ మతాన్నీ క్రైస్తవాన్నీ పోలుస్తూ పుస్తకం రాసిన జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఒట్టో వంటివాళ్ళు ఈ పోలికను పశ్చిమ దేశాల పాఠకుల దాకా తీసుకువెళ్ళారు.

పోలిక సులువైనదే గానీ ఇద్దరికీ అన్యాయం చేస్తుంది. జీవుడి ప్రయత్నమే ఫలాన్నిస్తుందని దేశికులు ఎక్కడా అనలేదు. మోక్షానికి అసలు కారణం భగవంతుడి సహజమైన దయే. శరణాగతి ఆ దయ ప్రవహించడానికి ఒక వ్యాజం, ఒక నెపం మాత్రమే. ఆ నెపం కూడా లేకపోతే అందరూ ఒక్కసారే ముక్తులు కావాలి, లేదా దేవుడు పక్షపాతి కావాలి. ఈ రెండూ కాకుండా ఉండడానికే ఆయన ఆ చిన్న నెపాన్ని గట్టిగా పట్టుకున్నారు. లోకాచార్యులు కూడా చేతులు ముడుచుకుని కూర్చోమనలేదు. జీవుడు భగవంతుడి సొత్తు. పోయిన సొత్తును వెతుక్కోవలసింది సొంతదారుడే. సొత్తు చేయవలసిందల్లా అడ్డు చెప్పకపోవడం. నేను శరణు అన్నాను కాబట్టి ఆయన కాపాడాడు అని లెక్క వేసుకుంటే ఆయన స్వామిత్వానికే లోటు అని ఆయన అభిప్రాయం. ఒకరు దేవుడి న్యాయానికి మచ్చ రాకూడదని ఆరాటపడ్డారు, మరొకరు దేవుడి స్వాతంత్ర్యానికి లోటు రాకూడదని. భక్తుడి తప్పుల విషయంలోనూ అంతే. దేశికుల దారిలో వాత్సల్యమంటే స్వామి మన తప్పులను చూడకపోవడం. తెంగలై ఆచార్యులు ఇంకో అడుగు వేసి, ఆవు అప్పుడే పుట్టిన దూడ ఒంటి మీది మలినాన్ని నాకినట్టు ఆ తప్పులే ఆయనకు భోగ్యమన్నారు.

ఈ రెండు శాఖలూ చీలకముందే పరాశర భట్టరు అనే ఆచార్యుడు శ్రీగుణరత్నకోశంలో ఒక మాట అన్నాడు. అనుగ్రహం మీద నేను చదివినవాటిలో అంతకంటే ధైర్యమైన మాట మరొకటి లేదు. రావణుడు చచ్చాక హనుమంతుడు అశోకవనానికి వచ్చి, సీతను వేధించిన రాక్షస స్త్రీలను చంపడానికి అనుమతి అడుగుతాడు. తప్పు చేయనివాళ్ళు ఎవరున్నారని సీత వారిస్తుంది. రాముడు కాకాసురుణ్ణీ విభీషణుణ్ణీ కాపాడాడు, నిజమే, కానీ వాళ్ళు శరణని వచ్చినవాళ్ళు. ఈ రాక్షస స్త్రీలు శరణు అడగలేదు, చేసిన అపరాధం తడి కూడా ఆరలేదు. వాళ్ళను కాపాడి సీత రాముడి కొలువునే చిన్నబుచ్చిందని భట్టరు ఆమెకే చెబుతాడు. సంప్రదాయంలో లక్ష్మికి పురుషకారం, అంటే జీవుడి పక్షాన స్వామికి నచ్చజెప్పే పని, అప్పగించడం వెనుక ఉన్న తర్కం ఇదే. లోకాచార్యుల శ్రీవచనభూషణం కూడా రామాయణం చెరలో ఉన్న సీత గొప్పతనాన్ని చెప్పడానికే పుట్టిందని ఆరంభంలోనే అంటుంది. ఆమె దయకు అడగడం కూడా అవసరం లేదు.

అర్హత అక్కర్లేని అనుగ్రహాన్ని నమ్మితే సమాజంలో దాని ఫలితం కనిపించాలి. శ్రీవచనభూషణం భక్తుడి పుట్టుకను ఆరా తీయడాన్ని ఘోరమైన అపచారంగా లెక్కగట్టింది. పాణర్ కులంలో పుట్టిన తిరుప్పాణాళ్వారును శ్రీరంగం అర్చకుడే భుజాల మీద మోసుకుని గుడిలోకి తీసుకువెళ్ళిన కథను ఆ సంప్రదాయం భక్తితో చెప్పుకుంటుంది. అయినా అదే నేలమీద, అవే గుళ్ళలో, అట్టడుగు కులాలవారికి తలుపులు తెరవడానికి మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం చేయవలసి వచ్చింది. సిద్ధాంతం తెరిచిన తలుపును ఆచారం అంతకాలం మూసి ఉంచింది. ఆచార్యుల మీద గౌరవం ఉన్నవాళ్ళే ఈ సంగతిని గట్టిగా చెప్పాలి.

శైవంలో ఇదే ప్రశ్న వేరే దారి పట్టింది. శివుడికి అయిదు కృత్యాలు: సృష్టి, స్థితి, సంహారం, తిరోధానం, అనుగ్రహం. నటరాజమూర్తిలో ఎత్తిన పాదం అనుగ్రహానికి గుర్తు. మన ఇళ్ళలో రోజూ పారాయణ చేసే లలితా సహస్రనామం కూడా ఈ అయిదు పనులనూ వరుసగా అమ్మవారికి ఆపాదిస్తుంది. దాచిపెట్టడమనే తిరోధానాన్ని అనుగ్రహానికి పక్కనే నిలిపారు. శైవసిద్ధాంతంలో ఆ దాచడం కూడా జీవుణ్ణి పక్వానికి తేవడానికి చేసే దయే. జీవుణ్ణి పట్టిన మలం కంటి పొర లాంటి ఒక పదార్థమనీ, అది పక్వమయ్యాక శివశక్తి జీవుడి మీద పడుతుందనీ, గురువు దీక్ష ద్వారా శివుడే దాన్ని తొలగిస్తాడనీ సిద్ధాంతులు చెప్పారు. జ్ఞానం ఒక్కటే చాలదు, పొర తీసే చెయ్యి కావాలి.

కాశ్మీరంలో అభినవగుప్తుడు తంత్రాలోకం పదమూడో ఆహ్నికంలో ఈ వాదాన్ని విప్పి చూశాడు. మలాన్ని పక్వం చేసేది ఎవరు? కర్మ అంటే, ఆ కర్మకు నియంత ఎవరు? చివరికి శివేచ్ఛ దగ్గరికే రావలసి ఉంటే మధ్యలో ఈ మెట్లెందుకు? శక్తిపాతం, అంటే శివశక్తి అలా జీవుడి మీద పడడం, దేన్నీ అపేక్షించదని ఆయన తేల్చాడు. తీవ్రం, మధ్యం, మందం అని మూడుగా, ఒక్కొక్కటీ మళ్ళీ మూడుగా, మొత్తం తొమ్మిది స్థాయులు చెప్పాడు. మరి పక్షపాతం? ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అని ఇద్దరు ఉంటే కదా. తనను తానే దాచుకున్న శివుడు తనకు తానే వెల్లడవుతున్నాడు. తర్కంలో ఇంతకంటే శుభ్రమైన జవాబు ఈ చర్చలో ఎక్కడా లేదు. కానీ కష్టంలో మరొకరి చెయ్యి కోసం వెతుకుతున్న భక్తుడికి ఆ జవాబు అందడం కష్టం. ఇద్దరు లేనిచోట తర్కం నెగ్గుతుంది గానీ, మొర వినేవాడు కనిపించడు.

శ్రీకాళహస్తి కథలు అందుకే జనం నోట నిలిచాయేమో. సాలీడుకు మంత్రం తెలియదు. పాము మణులు పెడితే ఏనుగు తీసేసి నీళ్ళూ ఆకులూ పెట్టింది, ఒకరి పూజ మరొకరికి అపచారంగా తోచి రెండూ కొట్లాడుకుని చచ్చాయి. శివుడు రెంటినీ తనలో చేర్చుకున్నాడు. కన్నప్ప ఎంగిలి మాంసం పెట్టాడు. ధూర్జటి ఈ కథలను కాళహస్తీశ్వర మాహాత్మ్యంగా అల్లినప్పుడు ఆయన ముందున్నది శాస్త్రార్హత ఏమాత్రం లేనివాళ్ళ జాబితాయే.

మధ్వాచార్యుల మార్గాన్ని క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. విష్ణుప్రసాదం లేకుండా మోక్షం లేదని ఆయన అందరికంటే గట్టిగా చెప్పారు. అయితే ఆ ప్రసాదం జీవుడి అనాది స్వభావాన్ని బట్టి ఉంటుంది, కొందరి స్వభావం శాశ్వత తమస్సుకే. తర్కంలో పొరపాటు దొరకదు. అయినా కొందరు జీవులను ఎప్పటికీ బయటే ఉంచే ఆ ముగింపును నా మనసు ఒప్పుకోలేదు.

వల్లభాచార్యుల (1479–1531) మార్గానికి పేరే అనుగ్రహం నుంచి వచ్చింది. భాగవతం రెండో స్కంధంలో పురాణ లక్షణాలు పది చెబుతూ, పోషణమంటే భగవదనుగ్రహమేనని నిర్వచించారు. దాని మీదే ఆయన పుష్టిమార్గాన్ని నిలబెట్టారు. లోకంతో పాటు కొట్టుకుపోయే ప్రవాహ జీవులు, శాస్త్రం చెప్పిన దారిలో నడిచే మర్యాదా జీవులు, కేవలం అనుగ్రహం మీద బతికే పుష్టి జీవులు అని మూడు తరగతులు చేశారు. పుష్టిలో ఉన్నవాడు మోక్షం కూడా అడగడు. బాలకృష్ణుడికి వేళకు వండిపెట్టడం, పాడడం, నిద్రపుచ్చడం అనే సేవే అతనికి ఫలం. రాజస్థాన్‌లో నాథ్‌ద్వారా గుడి, గుజరాతీ వైష్ణవ ఇళ్ళలోని ఠాకూర్జీ సేవ ఈ ఆలోచన నుంచి వచ్చినవే. వల్లభులది తెలుగు వైదిక బ్రాహ్మణ కుటుంబం. ఆ సంగతి గుజరాత్‌లో తెలిసినంతగా మన దగ్గర తెలియదు.

ఏనుగు ప్రశ్నకు నాకు బాగా నచ్చిన జవాబు బెంగాల్ వైష్ణవుల దగ్గర దొరుకుతుంది. పదో స్కంధంలో యశోద కృష్ణుణ్ణి రోలుకు కట్టబోతే తాడు రెండు అంగుళాలు తక్కువవుతుంది. ఎంత తాడు కలిపినా మళ్ళీ రెండు అంగుళాలే తక్కువ. చెమటపట్టి, జడలోని పూలు రాలి, ఆమె అలిసిపోవడం చూసి కృష్ణుడు దయతో కట్టుబడతాడు. ఆ రెండు అంగుళాల్లో ఒకటి భక్తుడి శ్రమ, రెండోది భగవంతుడి కృప అని వ్యాఖ్యాతలు చెప్పారు. యశోద ప్రయత్నం తాడును ఒక్క అంగుళం కూడా పెంచలేదు. కానీ ఆ అలసట లేకపోతే ఆ దయా రాలేదు.

ఇక ఇప్పటి మన వాడుకకు వద్దాం. ఇల్లు కట్టుకుంటే, పిల్లవాడికి వీసా వస్తే దేవుడి దయ అంటాం. జబ్బు చేస్తే, వ్యాపారం దెబ్బతింటే ఖర్మ అంటాం. భాగవతం ఈ లెక్కను ఒప్పుకోదు. పదో స్కంధం చివరి భాగంలో, విష్ణుభక్తులు ఎందుకు పేదలుగా ఉంటారన్న ప్రశ్నకు జవాబుగా కృష్ణుడు, తాను అనుగ్రహించదలచినవాడి సంపదను మెల్లగా తానే తీసేసుకుంటానని యుధిష్ఠిరుడికి చెబుతాడు. బలి సర్వస్వం పోగొట్టుకున్నప్పుడు అతని తాత ప్రహ్లాదుడు దాన్ని అనుగ్రహమే అన్నాడు. కుంతి కష్టాలు మళ్ళీ మళ్ళీ రావాలని కోరుకుంది. ఒక జాగ్రత్త అవసరం. ఈ మాటలు అన్నవాళ్ళు దెబ్బలు తిన్నవాళ్ళు, లేదా సాక్షాత్తు దేవుడు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్ళి ఇది దేవుడి అనుగ్రహమని చెప్పే హక్కు పక్కింటివాళ్ళకు ఏ గ్రంథమూ ఇవ్వలేదు. కానీ సంపదే అనుగ్రహానికి కొలబద్ద అని, రుసుము కడితే అనుగ్రహం త్వరగా దిగుతుందని చెప్పే ప్రకటనలను తిప్పికొట్టడానికి ఈ గ్రంథాలు చాలు.

తెలుగు పాఠకులకు ఒక విన్నపం. దేశికులు తిరుమల శ్రీనివాసుడి మీద దయాశతకం పేరిట 108 శ్లోకాలు రాశారు. అందులో ఆయన వేడుకున్నది స్వామిని కూడా కాదు, స్వామిలోని దయను, ఒక దేవిగా ఎదుట నిలుపుకుని. ఆ కొండను శ్రీనివాసుడి దయారసం గడ్డకట్టిన చక్కెరగా చూశారు. దయ లేకపోతే స్వామికి ఉన్న జ్ఞానం, బలం వంటి గుణాలన్నీ మన పాలిట దోషాలే అవుతాయన్నారు. ఏడాదికోసారి కొండ ఎక్కేవాళ్ళు మనలో లక్షల మంది ఉన్నారు. వెళ్ళే ముందు ఆ శతకాన్ని అర్థంతో సహా ఒక్కసారి చదవండి. ఆసక్తి ఇంకా ఉంటే, దేశికుల న్యాసవింశతినీ లోకాచార్యుల శ్రీవచనభూషణాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. కోతి, పిల్లి పోలిక దగ్గర ఆగిపోతే ఇద్దరూ మనకు దక్కరు.